ఎవరూ ఔట్ కాని పుట్టినరోజు

పోయిన ఏడాది మా పాప పుట్టినరోజుకి పెరట్లో కుర్చీలాట పెట్టాం. 13 మంది పిల్లలు, 12 కుర్చీలు. పాట ఆగింది. అందరికీ కుర్చీ దొరికింది, మా పాప ఒక్కతే నిలబడిపోయింది. ఇక ఆట అయిపోయేదాకా వెనక మెట్ల మీద గౌను అంచు సర్దుకుంటూ కూర్చుంది. ఆ హడావుడిలో నేను చూడనే లేదు. రాత్రి పడుకునే ముందు, "అమ్మా, నా పుట్టినరోజున అందరికంటే తక్కువసేపు ఆడింది నేనే" అంది. ఏడవలేదు, అలగలేదు. ఏదో లెక్క అప్పజెప్పినట్టు చెప్పి అటు తిరిగి పడుకుంది. ఆ మాట ఏడాదంతా నాతోనే ఉంది.

ఈసారి తనకి 8 నిండుతాయనగా, రెండు నెలల ముందే ఆటల గురించి ఆలోచించడం మొదలుపెట్టాను. పిల్లల పార్టీల్లో మనం ఆడించే ఆటల్లో చాలావాటి పద్ధతి ఒకటే. ఒక్కొక్కరినీ తీసేస్తూ పోవడం. ముందు పోయేది ఎవరు? చిన్నవాళ్ళు, నెమ్మదిగా కదిలేవాళ్ళు, పక్కవాళ్ళని తోసుకుని వెళ్ళలేనివాళ్ళు. ఎవరు ఇంకాస్త ఆడితే బాగుండునో వాళ్ళే ముందుగా బయటికి వచ్చి కూర్చుంటారు. అందుకని ఒక్క నియమం పెట్టుకున్నాను: ఓడిపోవచ్చు, బయట కూర్చోవడం మాత్రం ఉండకూడదు.

ఆ నియమానికి సరిపడే ఆటవస్తువులు కొందామని వెతికాను. దొరికినవి మరీ తేలికైన ప్లాస్టిక్‌వి, గాలికే పడిపోయేలా ఉన్నాయి. మా నాన్న ఆ బొమ్మలు చూసి, "ఇవన్నీ మనం చేసుకోవచ్చు కదమ్మా" అన్నారు.

నాన్న మాతోనే ఉంటారు. ఆయనది వడ్రంగం కాదు గానీ చెక్క పని అంటే చిన్నప్పటి నుంచీ ఇష్టం. ఆయన పెట్టెలో రెండు రంపాలు, ఒక చిత్రిక, మూడు ఉలులు, ఒక మూలమట్టం ఉన్నాయి. డ్రిల్లు, వంపులు కోసే కరెంటు రంపం జిగ్‌సా మా ఆయనవి. నేను ఈ పని అంతకుముందు ఎప్పుడూ చేయలేదు. మేకు కొట్టడం తప్ప ఏమీ రాదు. పాప, దాని 5 ఏళ్ళ తమ్ముడు, నాన్న, నేను కలిసి శని, ఆదివారాల్లో చేయాలనుకున్నాం. మూడు ఆటలు ఎంచుకున్నాం: చెక్క ముక్కల గోపురం, కప్ప నోట్లోకి సంచులు విసిరే పలక, ముగ్గురు కలిసి నడిచే జట్టు పలకలు.

గోపురంతో మొదలుపెట్టాం. చూడ్డానికి అన్నిటికంటే తేలికైన పని అదే. జెంగా ఆట చాలామందికి తెలిసే ఉంటుంది. 54 ముక్కలు, వరసకి మూడు చొప్పున 18 వరసలు. కింద నుంచి ఒక ముక్క లాగి పైన పెట్టాలి. లెస్లీ స్కాట్ అనే ఆవిడ దాన్ని 1983లో లండన్ బొమ్మల ప్రదర్శనలో బయటి ప్రపంచానికి చూపించారు. అంతకు పదేళ్ళ ముందు నుంచే ఘానాలోని తకోరాడిలో ఒక సామిల్లు నుంచి తెచ్చుకున్న ముక్కలతో వాళ్ళ ఇంట్లో ఆడుకునేవారట. స్వాహిలీలో 'కట్టడం' అనే అర్థమిచ్చే మాట నుంచి ఆ పేరు తీసుకున్నారు. ఇది చెబితే పాప, "అంటే అది కూడా ఇంట్లో చేసుకున్న ఆటేనా?" అంది. ఆ మాటతో తనకి పని మీద గురి కుదిరింది.

పెరట్లో ఆడేది కాబట్టి ముక్కలు పెద్దవిగా ఉండాలి. ఎంత పెద్దవి? నాకు మోకాలెత్తు ముక్కలు చేయాలని ఉంది. నాన్న కాగితం మీద లెక్క వేసి చూపించారు. మామూలు ముక్క ఒకటిన్నర సెంటీమీటర్ల మందం, రెండున్నర వెడల్పు, ఏడున్నర పొడవు. ప్రతి కొలతనీ రెండింతలు చేస్తే బరువు రెండింతలు కాదు, ఎనిమిదింతలవుతుంది. మూడింతలు చేస్తే 27 రెట్లు. గోపురం కూలేటప్పుడు ఆ ముక్కలు పడేది పిల్లల పాదాల మీద. రెండింతల దగ్గరే ఆగాం: 3 సెంటీమీటర్ల మందం, 5 వెడల్పు, 15 పొడవు. పైన్ చెక్కలో ఒక్కో ముక్క 110 గ్రాముల చిల్లర తూగింది. పొడవు వెడల్పుకి సరిగ్గా మూడింతలు ఉండాలన్నది ఇందులో అసలు కీలకం. అప్పుడే పక్కపక్కన పెట్టిన మూడు ముక్కల మీద అడ్డంగా పెట్టిన మూడు ముక్కలు అంచులు కలిసి కూర్చుంటాయి.

54 ముక్కలకి 15 చొప్పున 810 సెంటీమీటర్లు. 270 సెంటీమీటర్ల పొడవున్న చెక్క బద్దీలు మూడు తెచ్చాను. లెక్క చిటికెడు కూడా తేడా లేకుండా సరిపోయిందని ఎంత సంబరపడ్డానో. ప్రతి 15 సెంటీమీటర్లకి పెన్సిల్‌తో గీత గీసి, నాన్నకి చూపించాను. ఆయన బద్దీని అటూ ఇటూ తిప్పి చూసి, "రంపం తినే వాటా ఏదమ్మా?" అన్నారు.

నాకు అర్థం కాలేదు. రంపం కోసినప్పుడు పొట్టుగా రాలిపోయేది కూడా చెక్కే. మా రంపానికి ఆ కోత మందం 3 మిల్లీమీటర్లు. ఒక బద్దీలో 18 ముక్కలు రావాలంటే 17 కోతలు. 17 కోతలకి 51 మిల్లీమీటర్లు, అంటే 5 సెంటీమీటర్ల పైన. నేను గీసిన గీతల ప్రకారం కోస్తే ఒక్కో ముక్క ఒక్కోలా వచ్చేది. గీతలన్నీ చెరిపేశాం. ఒక ముక్క కొలిచి, కోసి, మళ్ళీ కొత్త అంచు నుంచి తర్వాతి ముక్క కొలవాలి. గీత మీద కోయకూడదు, గీత పక్కన, పారేసే వైపు కోయాలి. బద్దీకి 17 ముక్కలు వచ్చి, చివర 10 సెంటీమీటర్ల తుండు ఒకటి మిగిలింది. మూడు బద్దీలకి 51 ముక్కలు, మూడు తుండ్లు.

మూడు ముక్కల కోసం ఇంకో బద్దీ తేవాలా అని ఆలోచిస్తుంటే పాప, "17 వరసలు చాలమ్మా, తమ్ముడికి అందుతుంది" అంది. అలాగే ఉంచేశాం.

కోతలో పాప చేయి కూడా పడింది. ప్రతి ముక్కకీ కొలిచే పని ఏమీ పెట్టుకోకుండా నాన్న ఒక చిన్న అమరిక చేశారు. బల్లకి ఒక అడ్డు చెక్క బిగించి, రంపం నడిచే చీలిక నుంచి అది సరిగ్గా 15 సెంటీమీటర్ల దూరంలో ఉండేలా పెట్టారు. బద్దీని అడ్డు చెక్కకి ఆనించి కోస్తే చాలు, అన్నీ ఒకే పొడవు. బద్దీని క్లాంపుతో బిగించి, పాప రెండు చేతులూ రంపం పిడి మీదే ఉండేలా నాన్న వెనక నిలబడేవారు. రంపాన్ని నొక్కొద్దు, లాగితే అదే దిగుతుంది అని ఆయన నాకు చెప్పినదే దానికీ చెప్పారు. నాకంటే పాప త్వరగా పట్టుకుంది. కళ్ళద్దాలు లేకుండా ఎవరూ బల్ల దగ్గరికి రాకూడదన్నది నా షరతు.

చిన్నవాడికి రంపం ఇవ్వలేం కదా. వాడికి సాండ్ పేపర్ ఇచ్చాం. ముందు 80 నంబరు, తర్వాత 120, చివరికి 220. నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. నాలుగు ముక్కలు అరగదీసేసరికి వాడికి విసుగొచ్చింది. అప్పుడు నాన్న ఒక పాత నైలాన్ మేజోడు వాడి చేతికి తొడిగి, ముక్క మీద నిమరమన్నారు. చేతికి తెలియని సన్నటి పేడు ఉన్నా మేజోడు దానికి తగులుకుంటుంది. తగిలిందంటే ఆ ముక్క మళ్ళీ నా దగ్గరికి రావాలి. 51 ముక్కలూ, ఆరేసి ముఖాలూ వాడే పరీక్ష చేశాడు. తగులుకున్న ప్రతిసారీ "అమ్మా, ఇది కుదర్లేదు" అని తెచ్చి నా ఒళ్ళో పెట్టేవాడు. ఆ వారం నేను అరగదీసినంత చెక్క ఇంకెప్పుడూ అరగదీయలేదు.

ముక్కలన్నీ పేర్చి ఆడి చూశాం. ఒక్కటీ కదల్లేదు. అన్నీ అంత సమానంగా, అంత నున్నగా ఉంటే బరువు అన్నిటి మీదా ఒకేలా పడుతుంది, ఏదీ వదులుగా ఉండదు. కొనే ఆటలో ముక్కల మందంలో వెంట్రుకవాసి తేడాలు కావాలనే ఉంచుతారని అప్పుడు తెలిసింది. ఆ తేడాల వల్లే కొన్ని వదులుగా, కొన్ని బిగువుగా ఉంటాయి, ఎక్కడ వేలు పెట్టాలో వెతకడమే ఆట అవుతుంది. దాదాపు 20 ముక్కల్ని తీసి ఒక్క ముఖం మీద మాత్రం ఇంకాస్త అరగదీశాం. మళ్ళీ పేరిస్తే ఆట నడిచింది. వీటికి రంగు వేయలేదు. రంగు వేసిన ముఖాలు రెండు బరువు కింద ఒకదానికొకటి అంటుకుంటాయని నాన్న వద్దన్నారు.

మిగిలిన మూడు తుండ్ల సంగతి చెప్పాలి. గోపురం నిలబెట్టడానికి అడుగున ఒక పలక కావాలి. పెరటి నేల ఎగుడుదిగుడు. నాలుగు కాళ్ళు పెడితే ఎక్కడో ఒక కాలు తేలి పలక ఊగుతుంది. మూడు కాళ్ళయితే ఎలాంటి నేల మీదైనా మూడూ ఆనుతాయి. ఆ మూడు తుండ్లూ పలక కింద కాళ్ళయ్యాయి. నా లెక్క తప్పడం వల్ల మిగిలిన ముక్కలే మా ఆటకి పీటగా నిలిచాయి. అది చూసినప్పుడల్లా నాకు సంతోషంగా ఉంటుంది.

కప్ప పలక పాప గీసిన బొమ్మ నుంచి వచ్చింది. కార్న్‌హోల్ అని ఒక ఆట ఉంది. ఏటవాలు పలకకి పైభాగంలో రంధ్రం ఉంటుంది, దూరం నుంచి సంచులు విసరాలి. రంధ్రంలో పడితే మూడు పాయింట్లు, పలక మీద నిలిస్తే ఒకటి. పెద్దల ఆటలో పలక 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు. రంధ్రం 6 అంగుళాలు, దాని కేంద్రం పై అంచుకి 9 అంగుళాల దిగువన. సంచి ఒక్కొక్కటి 450 గ్రాముల దాకా ఉంటుంది, రెండు పలకల మధ్య దూరం 27 అడుగులు. 5 ఏళ్ళవాడు అంత బరువు అంత దూరం ఏం విసురుతాడు? మేము 3 అడుగుల పలక తీసుకున్నాం. పాప దాని మీద కప్ప మొహం గీసింది. నోరు 6 అంగుళాలు, రెండు కళ్ళు ఐదేసి అంగుళాలు. సంచులు 4 అంగుళాల చదరం, ఒక్కొక్కటి 150 గ్రాములు.

ప్లైవుడ్‌లో గుండ్రంగా కోయడం నాకు నిజంగా టెన్షన్ పెట్టింది. మధ్యలో మేకు, దానికి దారం, దారం చివర పెన్సిల్ కట్టి వృత్తం గీశాం. లోపల డ్రిల్లుతో ఒక రంధ్రం చేసి, అందులోకి జిగ్‌సా బ్లేడు దించి గీత వెంట తిప్పాను. మొదటి కన్ను పూర్తయ్యేసరికి దాని చుట్టూ పై పొర అంతా చిట్లిపోయింది. జిగ్‌సా పళ్ళు కింది నుంచి పైకి లాగుతూ కోస్తాయి, కాబట్టి చిట్లేది పైకి కనిపించే ముఖమే. మంచి ముఖాన్ని కిందికి పెట్టి, వెనక వైపు గీసి కోయాలి. రెండో కన్ను, నోరు అలా కోశాను. అంచులు ఎంత శుభ్రంగా వచ్చాయో.

చిట్లిన కన్ను చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది. పలక మార్చేద్దామన్నాను. నాన్న నేల మీది రంపంపొట్టులో మెత్తటిది ఏరి, చెక్క జిగురుతో ముద్దలా కలిపి చిట్లిన చోట్ల అద్దారు. మర్నాడు గట్టిపడ్డాక అరగదీస్తే చేతికి తేడా తెలియలేదు. రంగు వేసే పలక కాబట్టి కంటికీ తెలియలేదు.

చట్రానికి మా ఆయన ఎక్కడో పారేస్తుంటే అడిగి తెచ్చిన పాత ప్యాలెట్ (సరుకు పేర్చి మోసే చెక్క వేదిక) చెక్క వాడాం. ఇక్కడ ఒక్క జాగ్రత్త తప్పకుండా చెప్పాలి. దేశాల మధ్య సరుకు మోసే ప్యాలెట్ల మీద ముద్ర ఉంటుంది. అందులో హెచ్‌టి అని ఉంటే పురుగు పోవడానికి వేడి చేసిన చెక్క. ఎంబి అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించినది. అది పిల్లల వస్తువులకి పనికిరాదు. మాకొచ్చిన నాలుగు ప్యాలెట్లలో రెండింటి మీద హెచ్‌టి ఉంది. ఏ ముద్రా లేని రెండింటినీ పక్కన పెట్టేశాను. వాటి మీద ఏం ఒలికిందో, ఏం మోశాయో మనకి తెలియదు కదా.

కాళ్ళ దగ్గర ఇంకో పొరపాటు చేశాను. పలకని 3 అడుగులకి తగ్గించాను గానీ వెనక ఎత్తు మాత్రం పెద్దల ఆటలో ఉన్నట్టు 12 అంగుళాలే ఉంచాను. విసిరిన ప్రతి సంచీ జారి గడ్డి మీదికి వచ్చేసింది. పాప పదిసార్లు విసిరి, "కప్పకి మన సంచులు ఇష్టం లేదమ్మా" అంది. అప్పుడు మళ్ళీ కాగితం తీశాం. పెద్ద పలకలో ముందు 3 అంగుళాలు, వెనక 12. అంటే 4 అడుగుల్లో 9 అంగుళాలు లేస్తుంది. 3 అడుగుల్లో 7 అంగుళాల లోపే లేవాలి. వెనక కాళ్ళు రెండుంపావు అంగుళాలు కోసేశాం. సంచులు నిలిచాయి.

సంచులు పాత జీన్స్ గుడ్డతో కుట్టాను, రెండేసి వరసల కుట్టు. ఎండిన మొక్కజొన్న గింజలు పోయడం పాత పద్ధతి. తడిస్తే బూజు పడతాయి, పురుగు చేరుతుంది. అందుకని ప్లాస్టిక్ గుళికలు పోసి, తూచి, మూతులు కుట్టేశాను.

జట్టు పలకల గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. 150 సెంటీమీటర్ల పలకలు రెండు ఒక జత. ముగ్గురు ఒకరి వెనక ఒకరు ఎడమ కాలు ఒక పలక మీద, కుడి కాలు ఇంకో పలక మీద పెట్టి నిలబడతారు. పలకలకి కట్టిన తాళ్ళు చేత్తో పట్టుకుని, అందరూ ఒకేసారి ఎడమ, ఒకేసారి కుడి ఎత్తుతూ నడవాలి. ఒక్కరు తప్పినా అందరూ ఆగాలి. పాదానికి పట్టీలు పెట్టడం కొన్నిచోట్ల చూశాను. నాకు ధైర్యం చాలలేదు. పడబోయినప్పుడు పిల్లల కాలు ఇరుక్కుపోతుంది. చేతి తాడైతే వదిలేసి దిగిపోవచ్చు. తాడు ముడి నేలకి రాసుకోకుండా పలక అడుగున డ్రిల్లుకి పెద్ద బిట్ పెట్టి సగం లోతు గుంత చేసి, దాని మధ్య నుంచి చిన్న బిట్‌తో పైకి రంధ్రం వేయాలి. పెద్దది ముందు, చిన్నది తర్వాత. ముందే చిన్న రంధ్రం వేస్తే పెద్ద బిట్ మొనకి ఆనిక దొరకక పక్కకి జారుతుంది. రెండు జతలు చేశాం.

ఈ పలకలకి అవిసె నూనె పట్టించాం. ఆ రోజు నాన్న నన్ను గట్టిగా మందలించారు. నూనె తుడిచిన గుడ్డల్ని ఉండలా చుట్టి మూలన పడేశాను. అవిసె నూనె ఆరేటప్పుడు గాలిలోని ఆక్సిజన్‌ని తీసుకుంటూ వేడి పుట్టిస్తుంది. గుడ్డ ఉండ చుట్టి ఉంటే ఆ వేడి బయటికి పోదు, ఎవరూ నిప్పు పెట్టకుండానే అంటుకోగలదు. "పిల్లలు తిరిగే ఇల్లమ్మా ఇది" అన్నారాయన. ఆ గుడ్డల్ని విడదీసి పెరట్లో విడివిడిగా పరిచి, పూర్తిగా ఎండి గట్టిపడేదాకా అక్కడే ఉంచాం. ఈ ఒక్క సంగతి మాత్రం ఎవరు చెక్కకి నూనె పట్టిస్తున్నామన్నా ముందుగా చెబుతున్నాను.

పుట్టినరోజు వచ్చింది. 12 మంది పిల్లలు. మూడు ఆటలూ పెరట్లో మూడు మూలల్లో పెట్టాం, ఎవరికి ఏది నచ్చితే అక్కడికి వెళ్ళొచ్చు. వరసలో నిలబెట్టి పిలవడం వద్దనుకున్నాం. పిల్లలకి ఎదురుచూడడం కూడా ఒకరకంగా ఔటవడమే.

కప్ప దగ్గర 5, 8, 11 అడుగుల దూరాల్లో మూడు తాళ్ళు నేల మీద పరిచాను. ఏ తాడు దగ్గర నిలబడాలో ఎవరికి వాళ్ళే ఎంచుకోవాలి. చిన్నవాళ్ళు దూరం తాడుకి వెళ్తారనీ పెద్దవాళ్ళు దగ్గరగా నిలబడతారనీ నేను అనుకోలేదు, కానీ జరిగింది అదే. చిన్నవాళ్ళకి వేయడమే సరదా, పడిందా లేదా అన్నది తర్వాతి మాట. పాయింట్లు రాయడానికి పలక, సుద్ద సిద్ధంగా ఉంచాను. పది నిమిషాల్లో వాళ్ళే దాన్ని మార్చేశారు. ఎవరు వేసినా పాయింట్లు ఒకే చోట కలుపుతూ, అందరూ కలిసి 50 చేయాలన్నారు. 50 అయింది, 100 అన్నారు. ఎవరి సంచి కప్ప నోట్లో పడినా మిగతావాళ్ళంతా అరుస్తున్నారు. ఆ అరుపులు వింటూ నేను కాసేపు అలా నిలబడిపోయాను.

గోపురం దగ్గర పాప పెట్టిన నియమం నాకు ముందుగా తెలియదు. ఎవరి చేతిలో కూలితే వాళ్ళే కొత్త గోపురానికి మొదటి వరస పేర్చాలి. మొదటి వరస పేర్చడం ఆ పిల్లలకి పెద్ద గౌరవంగా కనిపించింది. రెండోసారి కూల్చిన బాబు ముఖం చిన్నబుచ్చుకుంటుంటే, పాప మూడు ముక్కలు తెచ్చి వాడి చేతిలో పెట్టింది, "నువ్వే మొదలుపెట్టాలి" అని. వాడు ఎంత శ్రద్ధగా పేర్చాడో, అంచులు కళ్ళు చికిలించి చూసుకుంటూ. గోపురం ఆ సాయంత్రం తొమ్మిదిసార్లు కూలింది. దగ్గరికి వచ్చేవాళ్ళు బూట్లు వేసుకోవాలన్న ఒక్క షరతునీ మా ఆయన అక్కడే కూర్చుని చూసుకున్నారు.

జట్టు పలకల దగ్గరే నా లెక్క తప్పింది. పిల్లలు ముగ్గురు ముగ్గురుగా ఎక్కి పోటీ పెట్టుకున్నారు. చిన్నవాడు అక్క జట్టులో ఎక్కాడు. వాడి అంగ చిన్నది, పెద్దవాళ్ళు వేసే అడుగు వాడికి అందదు. రెండుసార్లు జారి దిగిపోయాడు. మూడోసారి జట్టులో ఇంకో అమ్మాయి, "వాడు వద్దు, వాడి వల్ల ఆగిపోతున్నాం" అంది. వాడు ఏమీ అనకుండా వెళ్ళి వెనక మెట్ల మీద కూర్చున్నాడు.

అవే మెట్లు. నాకు గుండె జారినట్టయింది. రెండు నెలలు కొలిచి, కోసి, అరగదీసి, ఆఖరికి నా చేతులతో చేసిన ఆటే ఒక పిల్లాడిని అక్కడికి పంపింది. నేను లేచి వెళ్ళేలోపే పాప తాడు వదిలేసి పలక దిగింది. మెట్ల దగ్గరికి వెళ్ళి తమ్ముడితో ఏదో మాట్లాడింది. వాడిని చేయి పట్టుకుని తీసుకొచ్చి జట్టుకి ఎదురుగా, రెండడుగుల దూరంలో నిలబెట్టింది. "వీడు చెప్పినప్పుడే అడుగు వేయాలి" అంది. వాడు వెనక్కి నడుస్తూ "ఎడమ... కుడి... ఎడమ..." అని అరవడం మొదలుపెట్టాడు. మొదట్లో ఎడమకి కుడి, కుడికి ఎడమ అన్నాడు. ఎవరికీ అది పట్టలేదు, అందరూ ఒకే కాలు ఎత్తుతున్నారు, అది చాలు. అంతదాకా ఎవరికి వాళ్ళు తొందరపడి ఆగిపోతున్న జట్టు, వాడి చిన్న అంగల లయకి ఒక్కసారి కూడా ఆగకుండా పెరటి ఆ చివరిదాకా వెళ్ళింది. చూస్తున్న రెండో జట్టు, "మాకూ ఒకరు చెప్పేవాళ్ళు కావాలి" అంది. ఇందాక వద్దన్న అమ్మాయే వాడి దగ్గరికి వచ్చి, మాకు చెప్తావా అని అడిగింది.

పిల్లలందరూ వెళ్ళిపోయాక ముక్కలు లెక్కపెట్టి పెట్టెలో సర్దాం. 51కి 50 ఉన్నాయి. ఒకటి మర్నాడు పొద్దున పూలకుండీ వెనక దొరికింది. కప్ప పలకని లోపలికి తెచ్చాం, సంచి ఒకటి కుట్టు ఊడింది. పాప ఆ రాత్రి ఏమీ లెక్క చెప్పలేదు, పక్క మీద వాలగానే నిద్రపోయింది.

ఆదివారం నాన్న జట్టు పలకలు బల్ల మీద బోర్లించారు. పలక ముందు భాగంలో, మొదటి తాడుకి ముందు, జానెడున్నర చోటు ఖాళీగా ఉంది. ఆ చోటు అలా ఎందుకు వదిలానో నాకే గుర్తులేదు. పాప తమ్ముడిని పలక మీద నిలబెట్టి, వాడి కాలి బొటనవేలి ముందు పెన్సిల్‌తో చుక్క పెట్టింది. పెద్ద బిట్ ముందు, చిన్న బిట్ తర్వాత. వాడి తాడు మిగతావాటికంటే ఒక జానెడు పొట్టిగా కోశాం. రంధ్రం అంచుల్లో మేజోడు ఎక్కడా తగులుకోవట్లేదని వాడే చూసుకున్నాడు.